వాహనచౌర్యము: యజమాని యేమరుపాటు, కొనువాని మౌనము

పెండ్లిండ్ల దినములలో ఏ కల్యాణమండపము ముందటనైనను రాత్రి తొమ్మిది గంటలకు నిలిచి చూచినయెడల మనవారి ధనసంరక్షణ పద్ధతి యెట్టిదో తెలియును. పది పదునైదు లక్షల రూపాయల కారు రోడ్డుప్రక్క చీకటిలో నుండును. గాలికొఱకని అద్దము రెండువ్రేళ్లు దింపియుండును. వెనుక సీటుపై పట్టుచీరల సంచియు, కుమారుని ల్యాప్‌టాపును, కట్నకానుకలకై తెచ్చిన నగదుకవరును వీథిదీపపు వెలుగున స్పష్టముగ గానవచ్చుచుండును. ముందరి యరలో బండి అసలు ఆర్.సి.యు, బీమాపత్రమును, ఇంటి బీరువా తాళపుచెవుల గుత్తియు నుండును. యజమానుడు లోపల విస్తరిముందు గూర్చుండి, మన యూరిలో మన బండి నెవడు ముట్టునని ధైర్యముగ నున్నాడు. మఱునాడు ఠాణాలో గూర్చుండి దేశము చెడిపోయినదని వాపోవుచున్నాడు.

దేశము చెడిపోయిన సంగతి విచారింపదగినదే. కాని దానికి ముందు విచారింపవలసిన దొకటి గలదు. చౌర్యమనగా దొంగ యొక్కడే చేయు పనియని మనము తలంచుచున్నాము. అది సగము సత్యము మాత్రమే. బండి పోవుటకు ముందు దాని యజమాని యేమరుపాటును, పోయిన పిదప దానిని గాని దాని భాగములను గాని ఎచ్చటిదని యడుగక కొనువాని మౌనమును, ఈ రెంటి నడుమనే దొంగ జీవించుచున్నాడు. ఈ యిద్దఱును మన చదువరులలోనివారే యగుటచేత, మర్యాదకొఱకు ఈ మాట మ్రింగి వ్రాయుట మాకు సాధ్యము కాదు.

ఆంధ్రదేశమున పెక్కుకుటుంబములు తమ సూత్రముగ జెప్పుకొను ఆపస్తంబుని ధర్మసూత్రములలో నొక నియమము గలదు. పట్టణమునకు నలువైపుల నొక యోజనము, గ్రామమునకు నొక క్రోశము మేర దొంగలనుండి కాపాడుట రాజు నియమించిన రక్షకుల విధి. ఆ మేరలో పోయిన సొత్తును వారిచేతనే యిప్పింపవలయును. కౌటిల్యుడు మఱి యొక యడుగు ముందునకు వేసి, దొరకని సొత్తునకు రాజు తన బొక్కసమునుండి యిచ్చుకొనవలెనని విధించెను. నేటి రాజ్యమున నట్టి విధి లేదు. పోయిన కారుకు మూల్య మిచ్చువాడు రాజు గాడు, మనము ఏటేట కట్టుబడి చెల్లించు బీమాసంఘమువాడు. వానికి దయాదాక్షిణ్యములతో పనిలేదు, పత్రములతోడనే పని. కావున పూర్వము రక్షకునిపై నుండిన భారములో పెద్దపాలు నేడు సొత్తుగలవాని భుజములమీదికే వచ్చి పడినది.

మహాత్ముడు 1909లో రచించిన హింద్ స్వరాజ్‌లో దొంగయెడల ప్రవర్తింపవలసిన తీరును జెప్పుచు, తలుపులు కిటికీలు తెఱచియుంచి, వస్తువులను వానికి సులభముగ నందునట్లుంచినచో వాని మనస్సు మాఱుననెను. అట్లాచరింపగల మహనీయులకు మా నమస్కారము. మనము తలుపు తెఱచియుంచుచున్నది దొంగపై కరుణచేత గాదు, బద్ధకముచేత.

బద్ధకమును దొంగ యెట్లు చదువుకొనునో చూతము. మృచ్ఛకటికమున శర్విలకుడు గోడకు కన్నమేయాకారమున వేయుట శాస్త్రసమ్మతమో యని తర్కించును. నేటివానికి గోడతో నిమిత్తము లేదు. పంట యమ్ముకొన్న రైతు బ్యాంకునకు వచ్చి రెండు లక్షలు తీసికొని, కౌంటరువద్దనే యందఱు చూచుచుండగా లెక్కించి, సంచిలో బెట్టి, ఆ సంచిని మోటారుసైకిలు డిక్కీలో నుంచి, నూఱు గజముల దూరములో టీ త్రాగుటకు దిగును. బ్యాంకులో వాని వెనుక వరుసలో నిలిచినవాడే వాని వెనుక బండిపై వచ్చుచున్నాడు. డిక్కీ తాళము తెఱచుటకు వానికి టీ చల్లారునంత సమయము చాలును. కారులో వచ్చినవానికి వేఱొక ఉపాయము. చక్రము క్రింద మేకు పెట్టుదురు. కొంతదూరము పోయి గాలి దిగినప్పుడు యజమానుడును డ్రైవరును ఇరువురును దిగి చక్రముచుట్టు నిలుతురు. అవతలి తలుపు తెఱచియే యుండును. లేదా పదిరూపాయల నోట్లు నాలుగు నేలపై వెదజల్లి, 'అయ్యా, మీ డబ్బు పడిపోయినది' అని వినయముగ జెప్పుదురు. నలువది రూపాయలకు వంగినవాడు నాలుగు లక్షలు పోగొట్టుకొనును. ఈ యుపాయము గూర్చి పోలీసువారు ఎన్నిమారులు హెచ్చరించినను ఇంకను ఫలించుచునేయున్నది. దీనినిబట్టి మన లోభము మన జ్ఞాపకశక్తికంటె బలమైనదని తెలియుచున్నది.

అద్దము పగులగొట్టుటకు సుత్తి గూడ నవసరము లేదు. ఇంజనులో వాడు స్పార్కుప్లగ్గు యొక్క తెల్లని పింగాణిముక్క యొకటి విసరినచో ప్రక్కయద్దము పెద్దచప్పుడు లేకయే పొడి యగును. ఆపుదల దేనికనగా, లోపల కనబడు సంచికి. సంచి కనబడనిచో అద్దముతో వానికి పని లేదు. కావున విలువగల వస్తువును బండిలో వదలకుండుట మొదటిమాట; వదలక తప్పనిచో, గమ్యము చేరిన పిమ్మట నందఱు చూచుచుండగా డిక్కీలో సర్దక, బయలుదేరుటకు ముందే యింటివద్ద సర్దుకొని రావలయును. ఇది చిన్నమాటయే. జాతీయరహదారిపై టిఫినుహోటళ్ల ముందట పగిలియున్న గాజుపొడిని చూచినవారికి మాత్రము చిన్నమాటగ దోపదు.

క్రొత్త కార్లకు తాళపుచెవి త్రిప్పుపని లేదు. జేబులో నుండినచాలు, బండి దానిని గుర్తించి తలుపు తెఱచును. ఈ సౌకర్యమును మనము మెచ్చుకొనుచుండగనే దొంగలును మెచ్చుకొనిరి. ఇద్దఱు మనుష్యులు రెండు చిన్నయంత్రములతో వత్తురు. ఒకడు ఇంటితలుపు దగ్గఱ నిలిచి, లోపలి బల్లపై నున్న తాళపుచెవి పంపు రేడియోసంకేతమును పట్టి పెంచును; రెండవవాడు దానిని కారుకు అందించును. తాళపుచెవి తన ప్రక్కనే యున్నదని కారు భ్రమించి తెఱచుకొనును. తాళపుచెవిని గడపదగ్గఱ మేకుకు తగిలింపక లోపలిగదిలో నుంచుట, లోహపుపొరగల సంచిలో నుంచుట దీనికి విరుగుడు. పాతదైనను స్టీరింగునకు వేయు ఇనుపకడ్డీతాళము నేటికిని మంచిదే. బయటినుండియే కనబడి దొంగను ప్రక్కబండికి పంపివేయును. ప్రక్కబండి యజమానునకు ఇది న్యాయమా యని యడుగువారు ఆయనకు గూడ నొక కడ్డీ కొనిపించవలయును. బండి యెచ్చటనున్నదో తెలుపు జి.పి.యస్. పరికరమును రహస్యముగ నమర్చుటయు మేలు; అది యెచ్చట నమర్చితిమో బంధుమిత్రులందఱకు జెప్పుకొనుట మేలు గాదు.

తాళపుచెవి బండిలోనే వదలి దిగు నలవాటును గూర్చి సుప్రీముకోర్టు తీర్పులే యున్నవి. ఒక లారీవారు దారి విచారించుటకై తాళపుచెవి దానికే యుంచి దిగగా లారీ పోయినది. బీమాసంఘము ఇయ్యనన్నది. 2023లో సుప్రీముకోర్టు ఆ యేమరుపాటును గణించి, సొమ్ములో నూటికి డెబ్బదియైదు పాళ్లు మాత్ర మిప్పించినది. పావువంతు సొమ్ము ఆ ఒక్కక్షణమునకు మూల్యమైనది. కోర్టుల చుట్టు తిరిగిన యేండ్లు వేఱు. హోటలు కావలివానికి తాళపుచెవి యిచ్చి లోనికి పోవువారు తెలిసికొనవలసిన తీర్పు మఱియొకటి గలదు. 1998లో ఢిల్లీలో నొక పెద్దహోటలు ముందట కావలివానికి అప్పగించిన కారు పోగా, చీటీ వెనుక 'యజమానుని పూచీపైననే' అని యచ్చు వేసితిమని హోటలువారు వాదించిరి. తమ స్వాధీనములోని బండిని తమ యజాగ్రత్తచే పోగొట్టి, చీటీని అడ్డము పెట్టుకొని తప్పించుకొనుటకు వీలులేదని 2019లో తీర్పు వచ్చినది. ఇరువదియొక్క యేండ్లకు వచ్చిన న్యాయము న్యాయమే గాని, అంతలో ఆ కారు నమూనాయే బజారున లేకపోయెను. ఏమైనను ఆ చీటీని పారవేయకుండ జేబులో నుంచుకొనుడు.

బీమాను గూర్చి మనవారిలో నున్న యజ్ఞానము మిక్కిలి ఖరీదైనది. చట్టము విధిగ గోరునది ఇతరులకు కలుగు నష్టమునకైన థర్డుపార్టీ బీమా మాత్రమే. దానిలో మన బండి పోయినచో మనకు దమ్మిడీ రాదు. చలానా తప్పించుకొనుటకై అదొక్కటి కట్టి, 'బండికి బీమా యున్నది' అని నిబ్బరముగ నుండువా రనేకులు. సొంతబండి నష్టమునకు గూడ వర్తించు సమగ్రబీమా కావలయును. దానిలోను వచ్చునది కొన్న ధర గాదు. ఏటేట తగ్గించి కట్టిన విలువ. నాలుగేండ్లు దాటి యైదవయేట నున్న బండికి తయారీదారు ధరలో సగమే. మఱియు బండిలోని సంచి, ఫోను, నగలు ఆ బీమా క్రిందికి సాధారణముగ రావు. సొమ్ము కోరునప్పుడు రెండు తాళపుచెవులును చూపుమందురు. రెండవది యెవరివద్ద నున్నదో ఇప్పుడే వెదకి చూచుకొనుట మంచిది. అసలు ఆర్.సి.ని బండిలో నుంచుట దొంగకు బండితో బాటు కన్యాశుల్కము గూడ నిచ్చినట్లు. డిజిలాకరులోని ప్రతి 2018 నుండి చెల్లుబాటగుచున్నది గనుక ఆ సాకు గూడ లేదు.

బండి పోయిన తరువాత మనవారు చేయు మొదటిపని బంధువులకు ఫోను చేయుట, రెండవది తెలిసిన నాయకుని యింటికి పోవుట, ఠాణా మూడవది. ఈ వరుస తలక్రిందులు గావలయును. 2010లో పంజాబులో నొక రైతు ట్రాక్టరు పోగా ఆతడు అదేదినమున పోలీసులకు ఫిర్యాదు చేసెను గాని, బీమాసంఘమునకు తెలుపుట ఏబదిరెండు దినములు ఆలస్యమయ్యెను. ఆ యాలస్యమే సాకుగ సొమ్ము నిరాకరింపబడెను. పోలీసులకు వెంటనే తెలిపినవాని కోరికను ఆ కారణముచే త్రోసివేయరాదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది. ఆ రైతును రక్షించినది పలుకుబడి గాదు, ఆనాటి తేదీగల యొక కాగితము. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము ప్రకారము ఏ ఠాణాలోనైనను, నేరమెచ్చట జరిగినను ఫిర్యాదు నమోదు చేయవలసినదే. ఎలక్ట్రానిక్ మార్గమున పంపి, మూడుదినములలో సంతకము చేయవచ్చును. దాని ప్రతి ఉచితముగ నిచ్చుట ఠాణావారి విధి. నిరాకరించినచో జిల్లా పోలీసుసూపరింటెండెంటునకు వ్రాతమూలముగ పంపవచ్చును. అచ్చటను గాకున్న మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. 'రెండుదినములు వెదకి చూడుడు, తరువాత వ్రాసికొందము' అను మాట విని తిరిగివచ్చు గృహస్థుడు తన హక్కును, బీమాను, దొరకుట కవకాశమున్న మొదటి గంటలను ఒక్కమారే వదలుకొనుచున్నాడు. పోయినది ఫోనైనచో సంచార్ సాథీలో దాని పదునైదంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య నిచ్చి దేశమంతట పనిచేయకుండ నిలిపివేయవచ్చును. ఆ సంఖ్య ఫోను పోకముందే కాగితముపై వ్రాసియుంచుకొనవలయును. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగిన లాభ మేమి?

ప్రభుత్వము వారిని గూర్చి యొక మాట చెప్పక తీరదు. ఏ పట్టణమునందైనను ఠాణా ప్రక్కన తుప్పుపట్టి, తీగలల్లుకొని, చక్రములు భూమిలో దిగియున్న బండ్లగుట్టను చూడవచ్చును. వానిలో దొరకిన దొంగబండ్లును గలవు. సొత్తు దొరకియు సొత్తుగలవానికి చేరకుండుట రెండవ చౌర్యము. వాహనములను ఠాణాలలో దీర్ఘకాలము నిలిపియుంచుట నిష్ప్రయోజనమనియు, తగిన బాండును పూచీయు పుచ్చుకొని త్వరగ అప్పగింప నుత్తరువు చేయవలయుననియు సుందరభాయి అంబాలాల్ దేశాయి వ్యాజ్యెమున సుప్రీముకోర్టు 2002లోనే చెప్పినది. క్రొత్తసంహిత 497వ విభాగము ఛాయాచిత్రములు దీసి, వివరణ వ్రాసికొని, ముప్పదిదినములలో సొత్తు విషయమున ఉత్తరువు చేయుటకు గడువులు గూడ నేర్పఱచినది. చట్టమునకు లోటు లేదు. గుట్టయు తఱుగలేదు. బండి దొరకినదని తెలిసియు కోర్టు చుట్టు తిరుగజాలక వదలుకొను యజమానులు గలరన్న, దొంగకంటె ముందు తల వంచవలసినవా రెవరో పోలీసు, న్యాయశాఖలవారే చెప్పవలయును.

ఇక కొనువాని సంగతి. దొంగిలించిన కారును దొంగ తాను నడుపుకొనుటకు దొంగిలించునా? దానిని ఒక రాత్రిలో విప్పుదురు. తలుపు లొకచోటికి, ఇంజను మఱియొకచోటికి, చక్రములు వేఱొకచోటికి పోవును. కొన్ని వ్యానుల సైలెన్సరులను మాత్రమే కోసికొని పోవుచున్నారు. వానిలో పొగను శుభ్రపఱచు భాగమున ప్లాటినము, పల్లాడియము వంటి మహార్ఘలోహములు స్వల్పముగ నుండుటయే దానికి హేతువు. ఈ భాగములకు బజారు లేనిచో చౌర్యమునకు అర్థమే లేదు. ఆ బజారున నిలిచి బేరమాడుచున్న దెవరు? దుకాణములో పదునైదువేలు చేయు దీపమును నాలుగువేలకు తెచ్చినానని మెకానికు చెప్పగా, మేలుచేసినాడని సంతోషించి, బిల్లు మాట యెత్తని పెద్దమనుష్యుడు. ఆ నాలుగువేలలోనే మన కారుకు సంబంధించిన రేపటి చౌర్యమునకు పెట్టుబడి యున్నది.

భారతీయ న్యాయసంహిత 317వ విభాగము, దొంగసొత్తని తెలిసియో, అట్లు నమ్ముటకు కారణముండియో నిజాయితీ లేక పుచ్చుకొనువానికి మూడేండ్ల కారాగారమువఱకు విధింపవచ్చునని చెప్పుచున్నది. 303వ విభాగమున దొంగకు సాధారణముగ విధించు గరిష్ఠశిక్షయు మూడేండ్లే. చట్టము ఇరువురిని ఒకే తక్కెడలో దూచినది. మనమే ఒకనికి సంకెళ్లును, మఱియొకనికి కుర్చీయు వేయుచున్నాము. పాతబండి కొనువాడు చేయవలసిన విచారణ కష్టమైనది గాదు. ఛాసిస్ సంఖ్య పదునేడక్షరములు, ఆర్.సి.లోని దానితో నొక్కొక్క యక్షరము పోల్చి చూడవలయును. గీకినట్లుండినచో అచ్చటనే బేరము ముగింపవలయును. జాతీయ నేరగణాంక సంస్థవారి వాహన సమన్వయ్‌లో ఆ బండి దొంగిలింపబడినదిగ నమోదైనదేమో చూచుకొనవచ్చును. 2019 ఏప్రిలు 1 నుండి తయారైన బండ్లకు హోలోగ్రామును, లేజరుతో చెక్కిన సంఖ్యయు గల నంబరుపలక తప్పనిసరి. దానిని తొలగించి, మామూలు పలకపై పేరో, కులమో, దేవతయో వ్రాయించుకొను ముచ్చట దొంగకెంత యుపకారమో ఆలోచింపవలయును. పాతబండ్ల వర్తకులు అనుమతి పొంది వ్యాపారము చేయవలయునని 2023 ఏప్రిలు 1 నుండి నియమ మున్నది. బండిని తుక్కు చేయుటకు 2021లో వచ్చిన నియమముల క్రింద నమోదైన కేంద్రములు, ఆ బండి దొంగసొత్తు కాదని రికార్డులలో చూచుకొనిన పిదపనే విప్పవలయును. ఇనుపసామాను సందులలో నిన్ని నియమములకు పేరైన వినబడదు.

పల్లెలయందు సంగతి కారుతో నాగదు. పొలములో బోరుమోటారు విప్పి రాగితీగ తీసికొని పోవుచున్నారు. ట్రాన్సుఫార్మరును క్రింద పడవేసి నూనెను ఒలుకబోసి చుట్టలు కోసికొనుచున్నారు. పంట యెండుచుండగా పదిమంది రైతులు నష్టపడుదురు. దొంగకు వచ్చునది కొన్ని కిలోల రాగివెల. ఆ రాగి ఏ దుకాణములో కరగినదో ఆ చుట్టుప్రక్కల వానికెవనికిని తెలియదా?

అది విచారింపక మనవారు వెంటనే ఊరిబయట గుడారములవారివైపు వ్రేలు చూపుదురు. 1871లో పరప్రభుత్వము నేరస్థజాతుల చట్టము తెచ్చి, పుట్టుకనే నేరముగ నెంచి, కొన్ని జాతులవారిని దినదినము హాజరుపట్టీలో నిలిపినది. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చినది. బాపట్లదగ్గఱ స్టూవర్టుపురము ఎఱుకలవారికొఱకు ఆ కాలమున వెలసిన సెటిల్మెంటే. స్వరాజ్యము వచ్చినపిదప 1952లో ఆ చట్టము రద్దయినది. కాగితముమీద రద్దయిన చట్టమును మన వీథియరుగుపై మఱల అమలు జరుపుట స్వరాజ్యమునకు శోభ గాదు. శర్విలకుడు జన్మచే బ్రాహ్మణుడని శూద్రకుడు వ్రాసినప్పటికే ఈ విషయమున మన ప్రాచీనులకు భ్రమ లేదు. సాక్ష్యమునుబట్టి పట్టుకొనవలసినదే గాని జాతినిబట్టి గాదు. అనుమానముపై ఒకనిని స్తంభమునకు కట్టి కొట్టు గుంపు, దొంగతనముకంటె ఘోరమైన నేరమును తానే చేయుచున్నది.

మేము కోరున దధికము గాదు. ప్రతి మున్సిపాలిటీయు తన పరిధిలోని ఇనుపసామాను, పాతభాగముల దుకాణములలో, ఎవరివద్ద ఏమి కొన్నారో వ్రాయు పుస్తక ముంచునట్లు లైసెన్సు షరతుగ విధించి, నెలకొకమారు తనిఖీ చేయింపవలయును. ప్రతి ఠాణాయు తనవద్ద నిలిచియున్న బండ్ల ఛాసిస్ సంఖ్యల పట్టికను గోడపైనను, పోలీసుశాఖవారి వెబ్‌సైటునందును ప్రకటింపవలయును. మార్కెటుయార్డు సంఘములును, కల్యాణమండపముల యజమానులును పుచ్చుకొను రుసుములో నొక దీపమునకు, ఒక కెమెరాకు, రాత్రి మేలుకొనియుండు నొక కావలివానికి జీతమునకు చోటుంచవలయును. మన చదువరులు మాత్రము ఈసారి మెకానికు చౌకగ భాగమొకటి తెచ్చినానని చెప్పినప్పుడు బిల్లు అడుగుదురుగాక. అతడు తల గోకికొనుచు నిలిచినయెడల ఆ దీపమును అచ్చటనే వదలి, దుకాణపు ధరకు క్రొత్తది కొనుక్కొందురుగాక.